ఇంట్లో బాగున్న పాటల స్లైడ్లు మందిరంలో తెగిపోతున్నాయి

రాజోలు నుంచి:
అందరికీ వందనాలండి. మా సంఘంలో పాటల స్లైడ్లు మూడేళ్లుగా నేనే చేస్తున్నాను. శనివారం రాత్రి ఇంట్లో నా ల్యాప్‌టాప్ మీద చేస్తాను, దాని తెర రిజల్యూషన్ 1366×768. మందిరంలో విండోస్ 7 ఉన్న పాత డెస్క్‌టాప్, దానికి 1024×768 ప్రొజెక్టరు. నెలకోసారి గోదావరి లంక ఊళ్లో ప్రార్థన కూడిక, అక్కడ వాళ్ల ల్యాప్‌టాప్, 1920×1080 టీవీ. ఫైలు ఒకటే, మూడు చోట్లా మూడు రకాలుగా వస్తోంది.

మొన్న ఆదివారం నాలుగు లైన్ల చరణం ఐదు లైన్లయింది. అడుగు లైను సగానికి తెగి ఒత్తులు కనపడలేదు. ‘స్తుతి’ కాస్తా ‘సుతి’ అయింది, పిల్లలు అలాగే పాడేశారు. మా మామ్మ ఈడువాళ్లు ఐదారుగురున్నారండి, పుస్తకంలో సన్నక్షరాలు ఆనవు, తెర చూసే పాడతారు. ఆ లైను దగ్గర ఆగిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఏ రిజల్యూషన్‌లో చేస్తే అన్నిచోట్లా సరిపోద్దండి?

పాలకొల్లు నుంచి:
వందనాలు తమ్ముడూ. తెర ఆకారం వేరైతే పవర్‌పాయింట్ స్లైడుని కుదించి, మిగిలిన చోట నల్లపట్టీలు వేస్తుంది గానీ అక్షరం కొయ్యదు. నాలుగు లైన్లు ఐదయ్యాయంటే ఫాంటు, అంటే అక్షరాల రూపం, మారింది. ఇంట్లో ఏది వాడుతున్నావు?

రాజోలు నుంచి:
మండలి అండి.

పాలకొల్లు నుంచి:
అదీ సంగతి. మందిరం కంప్యూటర్లో మండలి లేదు, గౌతమిలాంటిదేదో పెట్టి చూపించింది. అక్షరం వెడల్పు మారితే మాట కింది లైనులోకి దిగిపోద్ది. మండలి ఉచితమే. ఫాంటు ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కు. తర్వాత పవర్‌పాయింట్ డిజైన్‌లో స్లైడ్ సైజు 4:3 పెట్టు, మీ ప్రొజెక్టరు ఆకారం అదే. టీవీలో పక్కలు నల్లగా వస్తాయి, రానీ. టీవీ ఆకారమైన 16:9లో చేస్తే మీ ప్రొజెక్టరు మీద తెరలో నాలుగో వంతు ఖాళీగా పోయి అక్షరం చిన్నదవుద్ది.

నరసాపురం నుంచి:
బ్రదర్, లంకలో టీవీ అంచులు కోస్తుంటే అది టీవీ పనే, బొమ్మని కాస్త పెద్దది చేసి చూపిస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లో ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉంటుంది, పెట్టండి. వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఫాంటు ఎక్కించలేం కాబట్టి నేను పీడీఎఫ్ కూడా తీసుకెళ్తాను, అందులో ఫాంటు లోపలే ఉంటుంది. లైన్ల మధ్య ఎడం మాత్రం తప్పకుండా చూసుకోండి. నేను ముందు ‘స్త్రీ’ అని టైపు చేసి, దాని ఒత్తులు కింది లైను గుడికి తగలకుండా ఎడం పెంచుతాను.

రాజోలు నుంచి:
శనివారం సాయంత్రమే మందిరానికెళ్లి మండలి ఎక్కించానండి. 4:3 చేశాక లైన్లు కుదురుగా వచ్చాయి. మామ్మని చివరి బెంచీలో కూచోబెట్టి చదివించాను. రెండు చరణాలు తడుముకోకుండా చదివి, “ఇంకాస్త పెద్దగా పెట్టరా” అంది. 44 సైజుని 54 చేసి, చరణాన్ని రెండు స్లైడ్లకి విడగొడుతున్నాను. ఇంకా పదకొండు పాటలున్నాయి.