తుపాను వల్లే జాలర్ల వలసా, అసలు కారణం వేరేనా?

సిక్కోలు_కూకట్‌పల్లి: తుపాన్లు ఎక్కువై ఉత్తరాంధ్ర జాలర్లు గుజరాత్ పోతున్నారని మా ఆఫీసులో ఒకాయన తేల్చేశాడు. నేను ఒప్పుకోను. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. గుజరాత్ రేవు వెరావల్ బోట్లలో వేట మొదలయ్యేది ఆగస్టులో, అంటే ఆ గాలి వచ్చేనాటికే మా వైపు మగవాళ్లు చాలామంది అక్కడ కలాసీలుగా, అంటే బోటు మీద కూలీలుగా ఉన్నారు, పైకప్పులు ఎగిరిపోతుంటే ఇంట్లో ఉన్నది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. మరి తుపాను ఎవర్ని పంపినట్టు? శ్రీకాకుళానికి 190 కిలోమీటర్ల పైనే తీరం ఉన్నా పెద్ద మరబోటు ఆపుకునే హార్బర్ దశాబ్దాలుగా లేదు. నన్నడిగితే అసలు కారణం అదీ, బోటు ఓనర్ల ఏజెంట్లు ముందే చేతిలో పెట్టే అడ్వాన్సూ.

వైజాగ్_గాలి: సగమే చెప్పారు బ్రదర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో బోట్లు ఒకదానికొకటి గుద్దుకుని పగిలిపోయాయి. సొంత బోటు ఉన్నవాడు వలలు, ఇంజిన్ పోగొట్టుకుని మళ్లీ అప్పు చేయాలి, ఆ అప్పు పుట్టకపోతే ఇంకొకరి బోటు ఎక్కాలి. నిన్నటి ఓనరు ఇవాళ కలాసీ. వలస ముందు నుంచీ ఉంది, కాదనను. కానీ ఎవరు వెళ్తారో, ఎంత తక్కువకి ఒప్పుకుంటారో తుపాను మార్చేస్తుంది. దాన్ని కారణం కాదంటే ఎలా?

చెరువుగట్టు: అన్నా, మీకు పోనీకి వెరావల్ అన్నా ఉంది. తెలంగాణ చెరువుల్ల చేపలు పట్టే మా గంగపుత్రుల సంగతి చూడండి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు అలుగు పారినయి, కొన్నిటికి గండ్లు పడ్డయి, పెంచిన చేప నీళ్లతో పాటే పోయింది. 2017లో గండిగూడెం చెరువుల చేపలు కుప్పలుగా చచ్చి తేలినయి, దానికి తుపాను కూడా అక్కర్లేకపాయె. మత్స్యకారుల సంఘంల సభ్యత్వం మా చెరువుకే, పక్క ఊరి చెరువుల వల వేస్తే కొట్లాటే. పని చేతుల ఉన్నా హక్కు వెంట రాదు. అందుకే మావాళ్లు వల పక్కన పెట్టి ఆంధ్ర నుంచి లారీల్ల వచ్చే చేప కొని అమ్ముకుంటున్నరు.

మియాపూర్_మెట్రో: ఇంత రిస్క్ ఎందుకండీ, ఊళ్లనే తీరం నుంచి లోపలికి మార్చేస్తే పోదా? పక్కా ఇళ్లు కట్టిస్తే సరి.

వైజాగ్_గాలి: అపార్ట్‌మెంట్‌లో కూర్చుని చెప్పడం సులువే. ఉప్పాడలో సముద్రం ఏటా కాస్త కాస్త ఊరిని మింగుతోంది, అయినా జనం అక్కడే ఎందుకున్నారనుకున్నారు? పడవ ఇసుకలో ఉంటే ఇంజిన్, వల ఎవరో ఒకరు కాయాలి. చేప ఎండబెట్టే ఆడవాళ్లకి తీరం కావాలి. రెండు మైళ్ల లోపల ఇల్లిస్తే రోజూ ఆటో ఖర్చు ఎవరిస్తారు? వేటకెళ్లేవాడు తెల్లవారుజామున కెరటం చూసుకుని బయల్దేరతాడు సార్, బస్సు టైమ్ చూసుకుని కాదు.

సిక్కోలు_కూకట్‌పల్లి: ఇళ్లు మార్చడం మీద వైజాగ్ అన్నతో ఏకీభవిస్తా. కానీ సాయం పేరుతో పడవలు పంచేయడమే మందు అనుకుంటే అదీ తప్పే. 2004 సునామీ తర్వాత తమిళనాడులో దాతలు పోటీ పడి ఫైబర్ బోట్లు ఇస్తే కొన్నిచోట్ల ముందున్న వాటికంటే బోట్లు పెరిగాయి, చేపలు మాత్రం పెరగలేదు. ఇక వలసలో ఉన్న టెన్షన్ వేరు. 2018 చివర్లో గుజరాత్ బోట్లలో పనిచేస్తున్న మనవాళ్లని పాకిస్తాన్ పట్టుకెళ్లింది, 20 మందిని వాఘా దగ్గర అప్పగించింది 2020 జనవరిలో. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వెరావల్‌లో వేల మంది బోట్ల మీదే ఇరుక్కుపోయారు. అయినా ఆపలేదు, మళ్లీ వెళ్తున్నారు.

చెరువుగట్టు: మరి తుపాను సాయం ఎవరికి పోతుందన్నా?

వైజాగ్_గాలి: ఎక్కువగా పడవకీ వలకీ లెక్క కడతారు. ఆ పడవ మీద కూలికెళ్లే నలుగురైదుగురికి పోయిన పని రోజులు ఏ కాగితంలోనూ రావు. బియ్యం ఇస్తారు, కొంత డబ్బిస్తారు, అంతే. బోటు రిపేరు అయ్యేదాకా వాడు ఏం తినాలి? సిక్కోలు తమ్ముడూ, అడ్వాన్సు కారణం అన్నావు కదా, చేతిలో పని లేని అలాంటప్పుడే కదా ఆ అడ్వాన్సుతో ఏజెంటు ఊళ్లోకి వచ్చేది!