హీమోఫిలియా ఉన్న బాబుకు మోకాలి వాపు

ప్రశ్న (బొబ్బిలి నుంచి): మా అక్క కొడుకుకు హీమోఫిలియా ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉంది. దెబ్బ తగలకపోయినా కుడి మోకాలు పదేపదే వాచి, వేడెక్కి, కాలు చాపలేకపోతున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి మర్దన చేద్దామంటున్నారు. చేయవచ్చా అండీ?

జవాబు 1: దయచేసి మర్దన చేయనివ్వకండి. రక్తాన్ని గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ తక్కువ కావడంతో కీలులోకి రక్తం కారుతుంది. ఆ రక్తంలోని ఇనుము కీలు లోపలి పొరను వాపెక్కిస్తుంది, వాచిన పొర నుంచి మళ్లీ సులువుగా రక్తం కారుతుంది, ఇలా జరిగినకొద్దీ మృదులాస్థి (ఎముకల చివర ఉండే నునుపైన పొర) దెబ్బతిని కీలు బిగుసుకుపోతుంది. అందుకే వాపు కనబడేదాకా ఆగకుండా, కీలులో చిమచిమ మొదలవగానే ఆ ఫ్యాక్టర్ ఎక్కించాలి.

జవాబు 2: నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, పారాసెటమాల్ మేలు. కండరానికి సూది వేయబోతే జబ్బు సంగతి ముందే చెప్పండి. రక్తస్రావం ఆగాక వైద్యుల సలహాతో ఫిజియోథెరపీ తప్పనిసరి.

జవాబు 3: మీ అక్కగారు వాహకురాలైతే (అంటే ఈ జబ్బు జన్యువును మోస్తుంటే) పుట్టే ప్రతి మగబిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం సగం ఉంటుంది కాబట్టి, బాబుకు తమ్ముడుంటే అతనికీ పరీక్ష చేయించండి.