ఇరుకు వీధిలో బిల్డింగ్ స్కెచ్ వేస్తే పై అంతస్తులు సాగిపోతున్నాయి

ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. రోజూ సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి ఒక బిల్డింగ్ స్కెచ్ వేస్తాను: ఏ5 పుస్తకం, 0.3 పెన్ను, 20 నిమిషాలు. చిన్న ఇళ్లు బాగానే వస్తున్నాయి. మూలమీద ఉన్న నాలుగంతస్తుల బిల్డింగ్ దగ్గరే తేడా కొడుతోంది. దాని ఎత్తు సుమారు 12 మీటర్లు, నేను నిలబడగలిగేది 8 మీటర్ల దూరంలో. పై కిటికీలు సాగినట్టు, మూల కత్తిలా పొడుచుకొచ్చినట్టు వస్తోంది.

60 డిగ్రీల చూపు కోణం లెక్క తెలుసు: కంటికి ఎదురుగా పైకి 30, కిందికి 30 డిగ్రీల్లో ఇమిడేదే స్కెచ్‌లో సాగకుండా వస్తుంది. కంటి ఎత్తు 1.5 మీటర్లు తీసేస్తే 10.5 మిగులుతుంది, అది 30 డిగ్రీల్లో ఇమడాలంటే బిల్డింగ్‌కి దాదాపు 18 మీటర్ల దూరంలో నిలబడాలి. వెనక గోడ ఉంది మరి!

వానిషింగ్ పాయింట్లు (దూరంగా పోయే గీతలు కలిసే చోట్లు) పేజీ బయటికి జరిపాను, చెయ్యి చాచి పెన్సిల్‌తో కొలతలు తీశాను. మూల కాస్త మెత్తబడింది, పైభాగం మాత్రం మారలేదు. నిలువు గీతలు కలిసేలా పైన మూడో వానిషింగ్ పాయింట్ పెడితే బిల్డింగ్ వెనక్కి పడిపోతున్నట్టుంది. ఫోటో చూసి వేయడం ఇష్టం లేదు, అలాగైతే ఇంక నడవడం ఎందుకు?

ఇంత దగ్గర నుంచి వేసేటప్పుడు మీరు నిలువు గీతలు నిటారుగానే ఉంచి ఎత్తు కుదిస్తారా, లేక మూడో పాయింట్‌ను ఇంకా పైకి జరుపుతారా?