కొత్త గానుగ నూనె కొట్టుకు జమాఖర్చుల నోటుబుక్కు చాలదా? డబుల్ ఎంట్రీ కావాల్సిందేనా?

కొర్లగుంట_గానుగ:
అందరికీ నమస్కారం. తిరుపతిలో పోయిన నెల చిన్న గానుగ నూనె కొట్టు పెట్టినాను. మా నాయన చిత్తూరులో చిల్లర అంగడి నడిపిన మనిషి. ఆయన మాట ఒకటే: వచ్చింది ఒక పక్క రాయి, పోయింది ఇంకో పక్క రాయి, మిగిలింది గల్లాలోనూ బ్యాంకులోనూ ఉందో లేదో చూసుకో, అంతే. ఆడిటర్ ఆఫీసులో పనిచేసే మా ఫ్రెండేమో మొదటి నెల నుంచే డబుల్ ఎంట్రీలో (ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే పద్ధతి) రాయకపోతే తర్వాత ఏడుస్తావంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

నెల లెక్క ఇది. సొంత డబ్బు 3,00,000 పెట్టినా. ముద్ర లోను 2,00,000, వడ్డీ 12 శాతం అనుకోండి, ఇంకా ఒక్క కంతు కట్టలేదు. గానుగకు 2,40,000, కొట్టు అడ్వాన్సు 60,000, అద్దె 12,000, కూలీ కరెంటు కలిపి 18,000. పీలేరు మండీలో 1,50,000కు శెనక్కాయ విత్తనాలు కొన్నా, అందులో 90,000 కట్టినా, 60,000 బాకీ. అమ్మకం 1,30,000. దాంట్లో 98,000 చేతికొచ్చింది, రెండు హోటళ్ళు 32,000 ఇవ్వాలి. ఇంటి ఖర్చుకు 15,000 తీసుకున్నా. నోటుబుక్కు ప్రకారం మిగిలింది 1,63,000. నాయన సంతోషంగా ఉన్నాడు. నాకే ఎక్కడో టెన్షన్.

చర్చివీధి_కిరాణా:
మీ నాయన చెప్పిందే కరెక్టు తమ్ముడూ. ఒక్క మనిషి నడిపే అంగడికి డెబిట్ క్రెడిట్ అని తల పగలగొట్టుకోవడం ఎందుకు? మా అంగడి నేను పుట్టకముందు నుంచి చిట్టా మీద నడుస్తోంది. బాకీల పుస్తకం వేరే ఉంది. ఎవరు ఎంత ఇవ్వాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. నువ్వు నూనె ఆడించుకో, లెక్కలు ఆడించుకోవద్దు.

వోచర్_రాణి:
నేను తిరుపతిలో నాలుగైదు షాపులకు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేస్తాను. తమ్ముడూ, ఆ 1,63,000 లాభం కాదు. అందులో ఎక్కువ భాగం నీ పెట్టుబడి, బ్యాంకు లోను, మండీ వాళ్ళు అప్పు పెట్టడం వల్ల చేతిలో నిలిచిన డబ్బు. నీ నోటుబుక్కులో లోను వచ్చినా జమే, నూనె అమ్మినా జమే. గానుగ కొన్నా ఖర్చే, కరెంటు బిల్లు కట్టినా ఖర్చే.

ఒక్క మాట అడగకుండా ఉండలేను, నెలాఖరుకు సరుకు ఎంత మిగిలింది? విత్తనాలు, నూనె, నూనె తీసినాక మిగిలే చెక్క అన్నీ కొన్న ఖరీదుకు లెక్కేసి చెప్పు.

కొర్లగుంట_గానుగ:
సుమారు 45,000 ఉంటుంది అక్కా.

వోచర్_రాణి:
అయితే చూడు. అమ్మకం 1,30,000, అప్పుకిచ్చింది కూడా అమ్మకమే. దానికి పోయిన సరుకు 1,50,000లో 45,000 తీసేస్తే 1,05,000. అద్దె, కూలీ, కరెంటు 30,000. అక్కడికే 5,000 నష్టం. లోను మీద నెల వడ్డీ 2,000, కట్టకపోయినా అది ఈ నెలదే. గానుగకు ఏడాదికి 15 శాతం తరుగు (వాడకంతో తగ్గే విలువ), ఇన్‌కమ్ ట్యాక్స్‌లో యంత్రాలకు మామూలుగా వేసే రేటు అదే, నెలకు 3,000. మొత్తం నష్టం 10,000. మొదటి నెల కాబట్టి అదేం భయపడే విషయం కాదు. కానీ 1,63,000 ఉంది కదా అని వచ్చే నెల ఇంటికి 40,000 తీసుకుంటే అది భయపడే విషయమే.

డబుల్ ఎంట్రీ అంటే ప్రతి లావాదేవీలో రెండు ఖాతాలు కదులుతాయి, అంతే. విలువ చేరిన ఖాతా డెబిట్, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఖాతా క్రెడిట్. గానుగ కొన్నావు: యంత్రాల ఖాతా డెబిట్ 2,40,000, బ్యాంకు క్రెడిట్ 2,40,000. అది ఖర్చు కాదు, బ్యాంకులో ఉన్న డబ్బు కొట్టులో యంత్రంగా మారింది. లోను: బ్యాంకు డెబిట్, లోను ఖాతా క్రెడిట్. ఇంటికి తీసుకున్నది: సొంతవాడకం డెబిట్, బ్యాంకు క్రెడిట్, అది కొట్టు ఖర్చులో కలవదు. ఇట్ల రాస్తే నెలాఖరుకు నీ ఆస్తులు: గానుగ 2,37,000, అడ్వాన్సు 60,000, సరుకు 45,000, హోటళ్ళ బాకీ 32,000, డబ్బు 1,63,000. మొత్తం 5,37,000. అవతలి పక్క లోను 2,00,000, వడ్డీ 2,000, మండీ 60,000, మిగిలిన నీ మూలధనం 2,75,000. అదీ 5,37,000.

చర్చివీధి_కిరాణా:
చాలా బాగా చెప్పినావమ్మా. కానీ ఈ లెక్కకు డబుల్ ఎంట్రీ ఎందుకు? నెలాఖరున నాకేం ఉంది, నేనెంత బాకీ అని ఒక కాగితం మీద రాస్తే చాలదా? నువ్వు చెప్పిన ఆస్తులు 5,37,000, అప్పులు 2,62,000. తేడా 2,75,000. దానికి ఇంట్లో వాడుకున్న 15,000 కలుపు, 2,90,000. పెట్టింది 3,00,000. నష్టం 10,000. అదే జవాబు! వడ్డీ, తరుగు నా కాగితంలోనూ వేస్తాను. ఏ ట్యాలీ లేకుండా వచ్చేసింది. నా పుస్తకాలు నాకున్నాయి, నీ పుస్తకాలు నీకున్నాయి.

బీకాం_పలమనేరు:
కిరాణా అన్న చెప్పిన పద్ధతి కాలేజీలో మాకూ చెప్పినారు, ఒంటి పద్దు, అంటే సింగిల్ ఎంట్రీ పుస్తకాల నుంచి లాభం తీసేది అట్లే. లెక్క తప్పు లేదు.

చట్టం సంగతి కూడా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు "గవర్నమెంటు ఒప్పుకోదు" అని భయపెడతారు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2013 కంపెనీల చట్టం ప్రకారం డబుల్ ఎంట్రీ తప్పనిసరి. ఎల్‌ఎల్‌పీకీ (భాగస్వాముల బాధ్యతకు హద్దు ఉండే సంస్థ) అంతే. నీలాంటి సొంత కొట్టుకు ఆ నిబంధన లేదు. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే (నగదు వసూళ్ళు 5 శాతం దాటకపోతే 3 కోట్ల వరకు) అమ్మకంలో 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాంట్లో 6 శాతం లాభంగా చూపించి పన్ను కట్టొచ్చు. ఆ దారిలో పోతే పన్ను కోసం పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఆ దారి వదిలి అసలు లెక్కలు చూపిస్తానంటే ఇంకో చిక్కు: మండీలో ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. రైతు దగ్గరే నేరుగా కొంటే మినహాయింపు ఉంది. పీలేరు చుట్టుపక్కల రైతుల దగ్గర కొనేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి.

కాబట్టి చట్టం కోసం రాయాలా అంటే వద్దు. నీ కోసం రాయాలా అన్నదే ప్రశ్న.

వోచర్_రాణి:
కిరాణా అన్నా, మీ కాగితం జవాబు ఇస్తుంది, కానీ ఎందుకు అన్నది చెప్పదు. నష్టం 10,000 అని తెలుస్తుంది. విత్తనాల రేటు పెరిగి వచ్చిందా, నూనె దిగుబడి తక్కువై వచ్చిందా, కూలీ ఎక్కువై వచ్చిందా? అన్నీ ఒకే తేడాలో కలిసిపోయినాయి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మీ చిట్టా వేరు, బాకీల పుస్తకం వేరు. లీలామహల్ దగ్గర ఒక హోటలు 8,000 ఇచ్చిందనుకోండి, చిట్టాలో ఒకసారి, బాకీల పుస్తకంలో ఒకసారి రాయాలి. రద్దీలో రెండోది మర్చిపోతే ఎవరికీ తెలియదు, హోటలు వాళ్ళు వచ్చి పోట్లాడే దాకా. డబుల్ ఎంట్రీలో ఒకే రసీదు ఎంట్రీతో బ్యాంకూ, ఆ హోటలు ఖాతా రెండూ కదులుతాయి. అందరి బాకీలు కలిపితే ఆస్తుల్లో చూపించిన మొత్తం రావాలి, రాకపోతే ఆరోజే వెతుక్కోవచ్చు.

బీకాం_పలమనేరు:
అక్కా, ఒక్కటి మాత్రం ఎక్కువ చేసి చెప్పొద్దు. అంకణా, అదే ట్రయల్ బ్యాలెన్స్, రెండు పక్కలా సరిపోయిందంటే లెక్క సరైందని కాదు. మొత్తానికే రాయని బిల్లు దొరకదు. ఇంటి గ్యాస్ సిలిండరును కొట్టు ఖర్చులో వేసినా రెండు పక్కలూ శుభ్రంగా సరిపోతాయి. ఒక తప్పును ఇంకో తప్పు అంతే మొత్తానికి సరిచేసినా తెలియదు.

వోచర్_రాణి:
ఒప్పుకుంటా. అసలు నేను చూసే షాపుల్లో పెద్ద రోగం అదే. యజమాని నెలంతా ఏమీ రాయడు, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు వాట్సాప్‌లో పంపుతాడు. "ఈ 5,500 ఎవరికి సార్?" అంటే "గుర్తులేదమ్మా, సస్పెన్సులో వెయ్యి". దేనికో తేలని మొత్తాలు పెట్టే ఆ సస్పెన్సు ఖాతా లడ్డు కౌంటరు దగ్గర క్యూలాగా పెరుగుతూనే ఉంటుంది. అలాంటి డబుల్ ఎంట్రీ కంటే కిరాణా అన్న చిట్టా వెయ్యి రెట్లు మేలు.

తమ్ముడికి సంబంధించిన విషయం ఒకటుంది. కొట్టులో క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాది?

కొర్లగుంట_గానుగ:
ఒకటి కరెంటు అకౌంటుది. రెండోది నా సొంత సేవింగ్స్‌ది. మొదట్లో పెట్టింది, తీయలేదు.

వోచర్_రాణి:
ఈరోజే తీసెయ్. ఆ రెండోదాంట్లో పడిన ప్రతి రూపాయి కొట్టు అమ్మకం, సొంత ఖాతాలో ఉంది. దాన్ని కొట్టుకు ఇంకో బ్యాంకు ఖాతాగా తెరిచి రాయాలి, లేదంటే సొంతవాడకం కింద రాయాలి. ఏదీ చెయ్యకపోతే ఏ పద్ధతిలో రాసినా లెక్క తేలదు.

చర్చివీధి_కిరాణా:
ఇది మాత్రం నిజం.

కొర్లగుంట_గానుగ:
తీసేసినాను. ట్యాలీ ఇప్పుడే కొనను, ఫోనులో ఏదైనా యాప్‌తో మొదలుపెడతా, రోజూ రాత్రి కొట్టు మూసేటప్పుడు నేనే రాస్తా. ఒక సందేహం. ఒక పాలాయన నా దగ్గర ఆవులకు చెక్క తీసుకుంటాడు, బదులు మా ఇంటికి పాలు పోస్తాడు. పోయిన నెల 1,800 విలువ. డబ్బు మారలేదు, అందుకే నోటుబుక్కులో ఎక్కడా లేదు. దీన్ని రాయాలా?

వోచర్_రాణి:
తప్పకుండా. సొంతవాడకం డెబిట్ 1,800, చెక్క అమ్మకం క్రెడిట్ 1,800. అమ్మకం 1,31,800 అవుతుంది, నష్టం 8,200కు తగ్గుతుంది. ఆస్తులు, అప్పులు ఏమీ మారవు. అందుకే కిరాణా అన్న కాగితంలో ఇది కనిపించదు, అక్కడ నష్టం 10,000 అనే వస్తుంది.

చర్చివీధి_కిరాణా:
ఎందుకు కనిపించదు? పాలు ఇంట్లోకే కదా వచ్చింది. వాడకం 15,000 బదులు 16,800 అని వేస్తా. నాకూ 8,200 వస్తుంది.

వోచర్_రాణి:
వేస్తే వస్తుంది. ఆ 1,800 నెలాఖరుదాకా గుర్తుండాలంటే ముందు చిట్టాలో రాయాలి కదన్నా. డబ్బు కదలలేదు, మరి ఏ పక్క రాస్తారు?

చర్చివీధి_కిరాణా:
జమలో 1,800 చెక్క అమ్మినట్టు. ఖర్చులో 1,800 ఇంటికి వాడినట్టు. నిలువ మారదు.

బీకాం_పలమనేరు:
అన్నా, మీరిప్పుడు రాసింది డబుల్ ఎంట్రీనే.

చర్చివీధి_కిరాణా:
ఏ పేరైనా పెట్టుకో తమ్ముడూ. ట్యాలీకి మాత్రం నేను డబ్బులు కట్టను.