గడియారం చూడకుండా పరుగెత్తడం మరిచిపోయాను, మీరు ఏం చేస్తున్నారు?

తెల్లవారుజాము (ఒంగోలు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నా వయస్సు 44, ఒంగోలులో ఉద్యోగం. మూడేళ్ల కిందట నేనూ, ఒకే వీధిలో నాతోపాటు పెరిగిన స్నేహితుడూ ప్రతి ఆదివారం చీకటితోనే మోటారు సైకిలు మీద కొత్తపట్నం సముద్రతీరానికి వెళ్లి, తడి ఇసుక మీద అరగంట పరుగెత్తి, వల లాగేవారిని చూస్తూ కాసేపు కూర్చుని, తిరుగుదారిలో టీ తాగి ఇళ్లకు చేరేవాళ్లం. ఎంత దూరం పరుగెత్తామో ఒక్కనాడూ లెక్కపెట్టలేదు.

కిందటి సంవత్సరం అతనికి విశాఖపట్నం బదిలీ అయింది. ఒంటరిగా వెళ్లడానికి కాస్త ఊతంగా ఉంటుందని స్మార్ట్ వాచీ కొనుక్కున్నాను. అప్పటి నుంచి కిలోమీటరు 6 నిమిషాల 40 సెకన్లలో ముగిసిన రోజు హుషారు, 7 నిమిషాలు దాటిన రోజు ఇల్లు చేరేదాకా చిరాకు. పాటలను కూడా అడుగుల వేగానికి సరిపోయేలా ఏరి పెట్టుకోవడం వల్ల, చెవిలో ఏదో మోగుతూ ఉంటుంది గానీ పాట విన్న తృప్తి ఉండదు. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో చేసిన ప్రయాణం కూడా ఎన్ని ఊళ్లు చూశామన్న లెక్కగానే మిగిలింది.

గత నెల స్నేహితుడు వచ్చినప్పుడు ఇద్దరం మళ్లీ కొత్తపట్నం వెళ్లాం. సగం దూరంలో అతను ఆగిపోయి, "ఏంది అబ్బయ్యా, నువ్వు వచ్చింది నాతోనా, ఆ గడియారంతోనా?" అన్నాడు. అప్పటికి నవ్వేశాను గానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇలాంటి చిన్న చిన్న సంతోషాలను లెక్కల్లో నుంచి బయటికి లాక్కున్నవారు ఉంటే, ఏం మార్చుకున్నారో చెప్పగలరా? ధ్యానం చేయమన్న సలహా నాకు ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

పెన్నాగట్టు (నెల్లూరు) జవాబు:

వాచీని పారేయనక్కరలేదండీ, దాని మాట వినడం మానేస్తే చాలు. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో నాలుగేళ్లు నేనూ ఇదే జబ్బుతో తిరిగాను. ఇప్పుడు నేను పాటించే కొలత ఒక్కటే: పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైందని అర్థం. ఏళ్ల తరబడి పరుగెత్తే దూరపరుగుల వారు కూడా తమ పరుగులో అధిక భాగం ఈ నిదానపు వేగంతోనే సాగిస్తారు కాబట్టి, నిదానంగా వెళ్లడం చేతకానితనం కాదు.

మరో సంగతి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లడంతో, అదే వేగానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 7 నిమిషాలు పట్టిన కిలోమీటరును సంక్రాంతి నాటి కిలోమీటరుతో పోల్చుకుని బాధపడటం మీ వాచీకి తెలియని అన్యాయం.

మేము ముగ్గురం ఆదివారాలు రంగనాయకస్వామి గుడి వైపు పెన్న ఒడ్డున పరుగెత్తుతాం. ముగిశాక కారం దోసె తినడం తప్పనిసరి. పెనం మీద పిండి పలచగా తిప్పి, తడి ఆరీ ఆరకముందే ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, అంచు వెంట నెయ్యి వదిలినప్పుడు వచ్చే ఆ చుయ్‌మనే చప్పుడు కోసమే మాలో ఒకాయన పరుగుకు వస్తాడని నాకు గట్టి అనుమానం.

సాధకురాలు (కందుకూరు) జవాబు:

పరుగు గురించి నాకు తెలియదు గానీ, పాట సంగతి చెబుతాను. నేను ఇంట్లో పిల్లలకు సంగీతం నేర్పుతాను. పాటను అడుగులకు తాళంగా వాడుకుంటే అది మీకు పనిమనిషి అవుతుందే తప్ప తోడు కాదు. పరుగెత్తేటప్పుడు ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టి, తిరిగి వచ్చాక ఒకే ఒక్క పాట కూర్చుని వినండి. భూపాలం, బౌళి, మలయమారుతం వంటి తెల్లవారుజాము రాగాల్లో ఒకదాన్ని ఎంచుకుని వారమంతా అదే వినండి. మూడో రోజుకు, మొదటి రోజు జారిపోయిన గమకాలు, అంటే స్వరాలు ఊగే వంపులు, చెవికి చిక్కుతాయి.

ప్రయాణాలకూ నాది ఇదే పద్ధతి. మొన్న మాఘమాసంలో నలుగురు శిష్యురాళ్లను తీసుకుని కంభం వెళ్లాను. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టినా ఆయన ఇంటిపేరు కాకర్ల, అది కంభం ప్రాంతంలోని ఊరే. మరో రెండు చోట్లు కూడా చూద్దామని పిల్లలు గొడవ చేశారు గానీ నేను ఒప్పుకోలేదు. రోజంతా కంభం చెరువు కట్ట మీదే గడిపాం. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన ఆ చెరువును శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు, 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక ఒక పిల్ల తనంతట తాను ఒక కీర్తన ఎత్తుకుంది. పై షడ్జం (పై స్థాయి 'స') దగ్గర గొంతు వణికి ఆపేస్తే, కట్ట కింద మేకలు మేపుతున్న ముసలాయన తల ఎత్తి, "ఆపేశావేమ్మా, మళ్లీ పాడు" అన్నాడు. వేదిక మీద ఆ పిల్లకు ఏ చప్పట్లూ ఇంత ధైర్యం ఇవ్వలేదు.

లెక్కలమాస్టారు (కావలి) జవాబు:

నేను పై ఇద్దరితోనూ పూర్తిగా ఏకీభవించలేను. నాకు మధుమేహం ఉంది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కనుక, లెక్క రాసుకోకపోతే నా బద్ధకం నాలుగు రోజుల్లో నన్ను మంచానికి చేరుస్తుంది.

పైగా లెక్కలోనూ సంతోషం ఉందండీ. ఏటా చలికాలంలో నేను నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్తాను. ఇప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మాకు మాత్రం నెల్లూరు నేలపట్టే. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతుల గూళ్లు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకుంటాను. నా లెక్క ఏనాడూ సరిగా రాదు, ప్రతిసారీ ఒక పక్షి ఎగిరి మరో చెట్టు మీద వాలుతుంది. అయితే లెక్కపెట్టాలని చూడబట్టే, తల్లి సంచి లాంటి ముక్కులోకి పిల్ల తల దూర్చి చేపను అందుకోవడం నా కంటబడింది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు మంచి ఎరువని అక్కడి రైతులు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారు.

కాబట్టి తప్పు వాచీది కాదు, తెల్లవారుజాము గారూ. మీ ప్రశ్నను మళ్లీ చదువుకోండి. చిరాకు మొదలైంది వాచీ కొన్న రోజున కాదు, స్నేహితుడి బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున. ఆయనకు ఫోను చేస్తున్నారా?

తెల్లవారుజాము (ఒంగోలు):

మాస్టారూ, మీ చివరి ప్రశ్న చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. పండగలకు శుభాకాంక్షలు పంపుకోవడం తప్ప మేము మాట్లాడుకున్నది చాలా తక్కువ.

మొన్న ఆదివారం అతను విశాఖలోనూ, నేను కొత్తపట్నంలోనూ ఒకే సమయానికి పరుగెత్తి, తర్వాత టీ తాగుతూ ఫోనులో మాట్లాడుకున్నాం. వాచీ చేతికే ఉంది గానీ ఎంత దూరమో చూడటం మరిచిపోయాను, సాయంత్రం చూస్తే మూడు కిలోమీటర్లు కూడా లేదు. అలల హోరులో సగం మాటలు వినపడక ఇద్దరం అరుచుకుంటుంటే టీ కొట్టు ఆమె మేము పోట్లాడుకుంటున్నామనుకుంది. పెన్నాగట్టు గారి మాట పరీక్షలో ఇద్దరం నెగ్గినట్టే. సాధకురాలు గారూ, మలయమారుతం మొదలుపెట్టాను, ఇంకా రెండో రోజే.

డిసెంబరులో అతను సెలవు మీద వస్తున్నాడు. మాస్టారూ, నేలపట్టుకు ఎన్ని గంటలకు చేరుకుంటే మంచిది? మీరు కూడా వస్తానంటే కావలిలో ఆగి ఎక్కించుకుంటాం, బైనాక్యులర్స్ మాత్రం మీరే తేవాలి.