హైదరాబాద్ చుట్టాలు వస్తున్నారు, వైజాగ్ తిండి దొరికే హోటల్ వైజాగ్‌లో ఉందా అసలు?

కంచరపాలెం కుర్రోడు
మా పెద్దమ్మ కొడుకు, వదిన, ఇద్దరు పిల్లలు ఈ శుక్రవారం దిగుతున్నారు. రెండు రోజులుంటారు. అన్నయ్య ఒకటే కండిషన్ పెట్టాడు: "బిర్యానీ వద్దురా, అది మా ఊళ్లో రోజూ ఉండేదే, మీ ఊరిది ఏదైనా పెట్టు." అప్పట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా, ఒక్క హోటలూ తట్టట్లేదు. పుట్టి పెరిగింది ఇక్కడే, సిగ్గుగా ఉంది. బోర్డులు చూడండి, రాయలసీమ రుచులు, గోదావరి వంటలు, అరేబియన్ మండీ. ఉత్తరాంధ్ర భోజనం అని రాసిన బోర్డు ఎంవీపీ నుంచి గాజువాక దాకా నా కంట పడలేదు. అందుకే అంటున్నా, వైజాగ్‌లో మంచి హోటళ్లు బోలెడు, వైజాగ్ హోటల్ మాత్రం లేదు. కాదంటే పేరు చెప్పండి.

జగదాంబ సెంటర్
ఓవర్ చేస్తున్నావ్ గురూ. ఆల్ఫా ఏమైంది? మా నాన్న కాలేజీ రోజుల్లో జగదాంబలో మ్యాట్నీ, తర్వాత ఆల్ఫాలో బిర్యానీ. మా ఇంట్లో రెండు తరాలుగా అదే ఆనవాయితీ. ఊళ్లో ఇన్నేళ్లు నిలబడ్డాక అది మన తిండి కాకుండా ఎవరిదవుతుంది?

కంచరపాలెం కుర్రోడు
అన్నా, బిర్యానీ వద్దన్నాడని పైన రాశాను కదా.

ఎంవీపీ ఆంటీ
బాబూ, నువ్వు కష్టపడి వెతుక్కుంటున్నావు గానీ ఇదంత పెద్ద సమస్య కాదు. పొద్దున్నే ద్వారకానగర్ సాయిరామ్ పార్లర్‌కి తీసుకెళ్లు, నిలబడి తినాల్సొచ్చినా పర్లేదు, పిల్లలకి దోసెలు నచ్చుతాయి. మధ్యాహ్నం సూర్యాబాగ్‌లో దసపల్లా, మా ఇంటికి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం, పెద్దవాళ్లుంటే ఏసీలో కూర్చుని నెమ్మదిగా తినొచ్చు. మర్నాడు రుషికొండ వైపు వెళ్తే సీ ఇన్ ఉంది, అందరూ రాజుగారి ధాబా అంటారే, అదే. చేపలూ రొయ్యలూ కావాలంటే అక్కడ. కాస్త ముందుగా వెళ్లాలి, ఆలస్యమైతే అయిపోయాయంటారు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్. ఇంకేం కావాలి?

రాజమండ్రి అల్లుడు
ఆంటీ గారు చెప్పినవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ అతను అడిగింది వేరు. దోసె ఎక్కడైనా దోసే, థాలీ ఎక్కడైనా థాలీయే. నేను పెళ్లయ్యి పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, నాకు తెలిసి వైజాగ్‌కి సొంత వంటంటూ లేదండీ. పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంటు, అన్ని చోట్ల నుంచీ జనం వచ్చి కలిసిన ఊరు. అందరి తిండీ దొరుకుతుంది, అంతే.

సిక్కోలు చిన్నోడు
ఏటి బావా, అత్తారింట్లో పదేళ్లు తిని ఈ మాటా? పులుసులో బెల్లం ఎవరు వేస్తారు? ఉల్లికారం పెట్టిన కూర ఎక్కడిది? ఎండాకాలం చోడి అంబలి తాగి పొలానికెళ్లే జనం మేము. మీరు రాగులంటారు, మేం చోళ్లంటాం. ఆంటీ గారు చెప్పిన మురీ మిక్చర్ సంగతే చూడండి, మీరు మరమరాలంటారు, సీమలో బొరుగులంటారు, ఒడిశా వాళ్లూ మేమూ మాత్రం మురీ అంటాం. పేరులోనే ఊరుంది. వంట లేక కాదు, హోటల్ వాడికి ఇది పేదోళ్ల తిండిలా కనిపిస్తుంది, అందుకే మెనూలో పెట్టడు. వైజాగ్ సాంబారు తియ్యగా ఉందని బయటివాళ్లు మొహం చిట్లిస్తే, బెల్లం తగ్గించేసే రకం మన హోటళ్లు.

రాజమండ్రి అల్లుడు
సరే, ఉల్లికారం మీకే వదిలేశాను. ఆవ పెట్టిన పనసపొట్టు మాత్రం మాది, దాని జోలికి రావద్దు.

జగదాంబ సెంటర్
బొంగు చికెన్, మాడుగుల హల్వా ఉన్నాయిగా! వెదురు బొంగులో చుక్క నూనె లేకుండా కాల్చిన కోడి, గోధుమ పాలతో చేసిన హల్వా. ప్రపంచంలో ఎవరొచ్చినా ఈ రెండూ పెట్టొచ్చు.

కంచరపాలెం కుర్రోడు
2022లో జిల్లాలు విడదీశాక అరకు అల్లూరి జిల్లాకి పోయింది, మాడుగుల అనకాపల్లి జిల్లాకి పోయింది. నువ్వు చెప్పిన రెండూ పక్క జిల్లా సరుకే అన్నా. నవ్వొస్తోంది కానీ నిజం. అయినా బీచ్ రోడ్డులో పొయ్యి మీద వేడి చేసిచ్చే బొంగు చికెన్ కంటే అరకు ఘాట్ రోడ్డు పక్కన తినడమే నయం.

హార్బర్ పిల్ల
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఇది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం, మర పడవలన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి. ఇప్పుడు హోటల్లో వంజరం ఫ్రై అడిగితే వచ్చేది ఫ్రిజ్‌లోదో, పశ్చిమ తీరం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిందో అయ్యుంటుంది. అటువైపు నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. పోయినేడు ఇదే నెలలో మా ఇంటికొచ్చిన వాళ్లని సముద్రం కనిపించే ఓ పెద్ద హోటల్‌కి తీసుకెళ్లాం, పేరొద్దులే. చందువా ముక్క పీచులా ఉంది. తాజాదేనా అని అడిగితే "ఇవాళ పట్టిందే మేడం" అన్నాడు, హార్బర్ పక్కన పుట్టినదానితో!

ఇంజను లేని తెప్పలకి నిషేధం లేదు. పొద్దున్నే జాలరిపేట ఒడ్డుకి వెళ్తే చిన్న చేపలు దొరుకుతాయి, కవళ్లో కానాగంతలో ఏవి పడితే అవి. అవి తెచ్చుకుని ఇంట్లో చింతపండు పులుసు పెట్టండి, మర్నాడు చల్దన్నంలోకి ఇంకా బాగుంటుంది. మీరు అడుగుతున్న వైజాగ్ హోటల్ అదే, బోర్డు ఉండదు, అంతే.

ఎంవీపీ ఆంటీ
అమ్మా, చుట్టాలొస్తే మే నెల ఎండలో వంటింట్లో ఎవరు నిలబడతారు? వండేది ఆ అబ్బాయి కాదుగా, వాళ్లమ్మ. మీ అందరి ఊరి అభిమానానికి ఆవిడ చెమటోడ్చాలా? అందుకే హోటళ్లు చెప్పాను.

కంచరపాలెం కుర్రోడు
ఆంటీ మాట నిజమే, తగిలింది. అమ్మని అడిగాను. "చేపలు నువ్వు తెచ్చి, నువ్వే కడిగి, మసాలా నువ్వే నూరితే పులుసు నేను పెడతా" అంది. ఒప్పుకున్నాను. శనివారం పొద్దున్న సాయిరామ్, మధ్యాహ్నం ఇంట్లో కవళ్ల పులుసు, ఆదివారం దసపల్లా. ఒక్కటే టెన్షన్, కవళ్లకి ముళ్లెక్కువ, అన్నయ్యకి ముళ్లు తీసుకుని తినడం రాదు.

హార్బర్ పిల్ల
అన్నం ముద్ద దగ్గర పెట్టుకోమనండి. జాలరిపేటకి ఆరింటికల్లా వెళ్లాలి, ఏడయితే ఖాళీ.