40 వేలలో మొదటి రోడ్ బైక్: కొత్త డిస్క్ బ్రేకా, సెకండ్ హ్యాండ్ సోరానా?

తీరంవాసి:
ఉండేది విశాఖలో. 40 వేలు దాటకుండా మొదటి రోడ్ బైక్ కొనాలి, హెల్మెట్, పంపు కూడా అందులోనే. వారానికి మూడు పొద్దులు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి రావాలి, ఆదివారం సింహాచలం ఘాట్ ఎక్కాలి, ఏడాదిలోపు 200 కి.మీ. బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్) పూర్తి చేయాలి. ఎత్తు 170 సెం.మీ., ఇన్‌సీమ్ (కాలి లోపలి పొడవు) 78 సెం.మీ., బరువు 74 కిలోలు.

రెండు బళ్లు చూసి పెట్టాను.
ఒకటి షాపులో కొత్తది, 38,500. అల్యూమినియం ఫ్రేమ్, స్టీల్ ఫోర్కు, 2×7 (ముందు 2, వెనుక 7) షిమానో టూర్నీ గేర్ సెట్, వెనుక 14–28 పళ్ల ఫ్రీవీల్ (హబ్‌కు మరలా బిగించే గేర్ల కట్ట), మెకానికల్ డిస్క్ బ్రేకులు, 700×28 టైర్లు.
రెండోది సెకండ్ హ్యాండ్, 2018 మోడల్, 36,000 అడుగుతున్నారు. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు, 2×9 షిమానో సోరా ఆర్3000 గేర్ సెట్, 11–32 పళ్ల క్యాసెట్ (హబ్ మీదికి తొడిగే గేర్ల కట్ట), చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులు, 700×25 టైర్లు. సైజు 54.
రెండిటికీ ముందు పళ్లచక్రాలు 50/34 పళ్లవి.

కొందరు డిస్క్ లేనిది ఇప్పుడు కొనకు అంటున్నారు, కొందరు 7 స్పీడ్ ముట్టుకోకు అంటున్నారు. ఏది తీసుకోవాలి?

స్పోక్‌పానా:
రెండోదే. గేర్ల సంఖ్య కోసం మాత్రం కాదు.

మొదటి బండిలో అసలు చిక్కు ఆ ఫ్రీవీల్. ఫ్రీవీల్ హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) కుడివైపు బేరింగ్ హబ్ లోపలే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా యాక్సిల్‌కు, అంటే ఇరుసుకు, ఆధారం ఉండదు. 74 కిలోల మనిషి గుంతలో పడితే ఆ దెబ్బంతా ఆ ముక్క మీదే, వంగేదీ విరిగేదీ అక్కడే. క్యాసెట్ వేసే షిమానో ఫ్రీహబ్‌లో ఆ బేరింగ్ ఫ్రీహబ్ బాడీ బయటి చివరకు జరిగి ఉంటుంది కాబట్టి ఈ బాధ దాదాపు లేదు.

ఇక కొండ. 34 ముందు, 28 వెనుక వేస్తే పెడల్ ఒక్క చుట్టుకు బండి సుమారు 2.6 మీటర్లు పోతుంది. రెండోదాని 32తో, 25 టైరు మీద, సుమారు 2.24 మీటర్లు. నిమిషానికి 60 చుట్లతో తొక్కుతూ ఘాట్ ఎక్కాలంటే మొదటిదాని మీద గంటకు 9.3 కి.మీ. వేగం నిలబెట్టాలి, రెండోదాని మీద 8.1 చాలు. కాగితం మీద చిన్న తేడానే, ఏటవాలు మలుపులో మోకాలికి అది చాలా పెద్దది.

టూర్నీ ఏ070 షిఫ్టర్ సంగతి కూడా చూడండి. ఒకవైపు గేరు మార్చే మీట హుడ్ (బ్రేక్ లివర్ పైన చెయ్యి పెట్టే రబ్బరు పిడి) పక్కన బొటనవేలి దగ్గర ఉంటుంది. హ్యాండిల్ కింది వంపు పట్టుకున్నప్పుడు వేలు అందదు. తర్వాత 8 స్పీడ్‌కి మార్చుకుందాంలే అనుకోవద్దు. షిఫ్టర్లు, వెనుక చక్రం, క్యాసెట్, అన్నీ మార్చాల్సి వస్తుంది.

ఉప్పుగాలి:
నేను ఒప్పుకోను. పాత బండికి 36,000 పోస్తే హెల్మెట్‌కే 4,000 మిగులుతుంది, బాగుచేతకు రూపాయి ఉండదు. ఏడెనిమిదేళ్ల బండికి మామూలుగా పడే ఖర్చు చూడండి: 9 స్పీడ్ చైన్ 1,300, క్యాసెట్ 2,200, గేరు బ్రేకు కేబుళ్లు ఔటర్లతో సహా 1,000, హ్యాండిల్ టేప్ 500, బ్రేక్ రబ్బర్లు 700, టైర్ల జత 3,500, సర్వీసు కూలి 1,200. షాపును బట్టి కొంచెం అటూ ఇటూ అయినా 10 వేలకు తగ్గదు. అంటే మీరు పోల్చాల్సింది 38,500ను 46,000తో.

విశాఖ వానాకాలం కూడా లెక్కలోకి రావాలి. అల్యూమినియం రిమ్ తడిస్తే బ్రేక్ నొక్కిన వెంటనే పట్టదు. ముందు రిమ్ మీది నీళ్లు తుడుచుకోవాలి, అందుకు చక్రం ఒకటి రెండు చుట్లు తిరగాలి. బీచ్ రోడ్డు ఇసుక రబ్బర్లలో ఇరుక్కుని రిమ్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. డిస్క్ బండిలో అరిగేది రోటర్ (హబ్ పక్కన తిరిగే డిస్క్ బిళ్ల), దాన్ని పట్టే ప్యాడ్లు. షిమానో రోటర్ కొత్తప్పుడు 1.8 మి.మీ., 1.5కి వస్తే మార్చాలి. రోటర్ మార్పు వందల్లో తేలుతుంది, రిమ్ అరిగితే చక్రం పోయినట్టే.

28 టైరు కూడా చిన్న విషయం కాదు. మీ బరువుకు వెనుక 75–80, ముందు 65–70 పీఎస్‌ఐ గాలి చాలు. 25కి ఇంకా గట్టిగా కొట్టాలి, తారు లేచిపోయిన చోట చేతులు తిమ్మిరెక్కుతాయి. రిమ్ బ్రేక్ బండికి 28 పడుతుందో లేదో కాలిపర్ (బ్రేక్ పట్టుకారు) కింద కొలిచి చూడందే చెప్పలేం. చాలా ఫ్రేముల్లో 25తోనే సరి.

స్పోక్‌పానా:
టైరు వెడల్పు మాట ఒప్పుకుంటాను, అది న్యాయమైన పాయింటే. డిస్క్ అన్న పేరు చూసి మురిసిపోవడం ఒప్పుకోను.

ఈ ధరలో వచ్చే మెకానికల్ డిస్కులో ఎక్కువగా బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. లోపలిది స్థిరం. లివర్ నొక్కితే బయటి ప్యాడ్ వచ్చి రోటర్‌ను పక్కకు వంచి, లోపలి ప్యాడ్‌కు ఆనిస్తుంది. అందుకే లోపలి ఖాళీ విజిటింగ్ కార్డు మందం కంటే ఎక్కువ ఉండకూడదు. ప్యాడ్లు అరుగుతున్న కొద్దీ చక్రం వైపు నుంచి, పుల్లల మధ్యగా అలెన్ కీ పెట్టి లోపలి ప్యాడ్‌ను ముందుకు తిప్పాలి. ఎక్కువమంది ఆ పని చేయరు, కేబుల్ బిగించి ఊరుకుంటారు. అప్పుడు కాలిపర్ మీట సగం దూరం ముందే తిరిగిపోయి ఉంటుంది, మిగిలిన సగంలో బలం రాదు. లివర్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. డిస్క్ కదా అని నమ్మి ఘాట్ దిగే కొత్తవాళ్లకు ఇదే ప్రమాదం.

పైగా ఉప్పు గాలి. కాలిపర్ మీట తిరిగే చోట, కేబుల్ ఔటర్ చివర్ల దగ్గర తుప్పు పడితే లివర్ వదిలాక ప్యాడ్ వెనక్కి రాదు, రోటర్‌కు రాసుకుంటూనే ఉంటుంది. సముద్రం పక్క తొక్కిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. రిమ్ బ్రేక్ అయితే రబ్బర్లలోంచి ఇసుక రేణువులు పిన్నుతో తీసేసి, స్పిరిట్ గుడ్డతో రిమ్ తుడిస్తే చాలు.

ఇంచుటేపు:
ఇద్దరూ బ్రేకుల దగ్గరే ఆగిపోయారు. 54 అన్న సైజు ఆయనకు సరిపోతుందా అని ఎవరూ అడగలేదు.

ఇన్‌సీమ్ 78ని 0.67తో గుణిస్తే 52.3. సీటు ఎత్తు, అంటే పెడల్ బ్రాకెట్ (పెడల్ చేతులు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైదాకా, 78×0.883 = 68.9 సెం.మీ. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు, శాసనాలు కావు. కానీ 54 కొంచెం పెద్దదయ్యే అవకాశం కనిపిస్తోంది. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకటి కావు. ఫ్రేములో సీటు కింది గొట్టం పొడవు కొలిచి పెట్టిన పేరది. మోడల్ పేరుతో జామెట్రీ పట్టిక వెతికి స్టాక్ (ఫ్రేమ్ ముందు భాగం ఎంత ఎత్తు), రీచ్ (ఎంత దూరం) చూడండి. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) 100 మి.మీ. ఉంటే 80కి దించొచ్చు, 1 నుంచి 2 వేలలో పోతుంది. 80కీ అందకపోతే ఆ బండి మీది కాదు, ఎంత తక్కువకు వచ్చినా వద్దు. 200 కి.మీ. బ్రెవేకు ఇచ్చేది 13 గంటల 30 నిమిషాలు. గంటకు 15 కి.మీ. సగటు గేర్ల వల్ల తప్పిపోవడం అరుదు. మెడ, నడుము, అరచేతులు మొరాయిస్తేనే జనం మధ్యలో దిగిపోతారు.

షాపు బండికి కూడా ఇదే పరీక్ష. స్టాకులో ఉన్న సైజే మీ సైజు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

బిల్లుబుక్కు:
ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. 38,500 అన్నది అంతకుముందు ముద్రించిన ఎంఆర్‌పీ అయితే ఇప్పుడు అది 36,100 దగ్గరికి రావాలి. బిల్లులో పన్ను శాతం చూపించమనండి. ఆ తేడాలో హెల్మెట్ వచ్చేస్తుంది.

మూడో దారి కూడా ఉంది: నిరుడు మిగిలిపోయిన 8 స్పీడ్ స్టాకు. షిమానో క్లారిస్ గేర్ సెట్ గానీ మైక్రోషిఫ్ట్ కంపెనీది గానీ, క్యాసెట్ హబ్‌తో. క్లారిస్ అని స్టిక్కరు ఉన్నంత మాత్రాన అన్నీ క్లారిస్ కావు. షిఫ్టర్లు, డిరైలర్లు (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు నెట్టేవి) క్లారిస్ ఆర్2000వి పెట్టి, క్రాంక్ (పెడల్ చేతులు) దగ్గర చతురస్రపు యాక్సిల్ ఉన్న ఆర్‌ఎస్200, బ్రేకులు వేరే కంపెనీవి బిగించడం మామూలే. అది మోసమేమీ కాదు, నడుస్తుంది. కొనేటప్పుడు చేయకూడని తప్పు మాత్రం ఫ్రీవీలే. స్పెక్ షీటులో వెనుక గేర్ల దగ్గర "ఫ్రీవీల్" అని ఉంటే వదిలేయండి, "క్యాసెట్" అని ఉండాలి.

ఉప్పుగాలి:
క్యాసెట్, డిస్క్ రెండూ ఉన్న 8 స్పీడ్ దొరికితే నేనూ అదే అంటాను. ఫ్రీవీల్‌ను సమర్థించడం నా ఉద్దేశం కాదు. నా భయమల్లా పాత బండి లోపాలు మొదటిసారి కొనేవాళ్ల కంటికి కనబడవనే.

స్పోక్‌పానా:
కనబడేలా చేసుకోవచ్చు. తీరంవాసి గారూ, ఒక స్టీలు స్కేలు, 5 మి.మీ. అలెన్ కీ, టార్చి పట్టుకెళ్లండి. నాలుగు చూడండి.

చైన్: ఒక పిన్ను మధ్య స్కేలు సున్నా పెట్టి, అక్కడి నుంచి 24వ పిన్ను మధ్యదాకా కొలవండి. కొత్తదైతే 304.8 మి.మీ. 307 దాటితే చైన్ మార్చాలి. 308 వస్తే క్యాసెట్ కూడా పోయినట్టే, కొత్త చైన్ వేస్తే పాత పళ్ల మీద జారుతుంది.

రిమ్: టైరు పక్కన బ్రేక్ రబ్బరు తగిలే పట్టీ మీద స్కేలు అంచు నిలువుగా ఆనించి, వెనుక నుంచి టార్చి వేయండి. మధ్యలో వెలుతురు గీత కనిపిస్తే పట్టీ గిన్నెలా పల్లం పడింది. గాలి ఒత్తిడి రిమ్ గోడల్ని లోపలి నుంచి బయటకు నెడుతుంది. గోడ పలచబడితే ఒకరోజు దిగుడులో విచ్చుకుంటుంది.

హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్లు): ముందు బ్రేక్ పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి, టకటక వినబడకూడదు. తర్వాత ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. నిటారుగా ఉన్నచోట గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగ్ పోయింది.

షిఫ్టర్లు: 9 గేర్లూ ఎక్కించి దించండి. మీట ఖాళీగా ఊగి గేరు పట్టకపోతే లోపల గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. క్లీనర్ కొట్టి, పల్చటి నూనె వేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. తేరుకుంటుందన్న ఆశకు మాత్రం డబ్బు ఇవ్వకండి, ధరలోంచి తీసేయండి.

ఫ్రేమ్ నంబరు పెడల్ బ్రాకెట్ కింద ఉంటుంది. అసలు బిల్లు మీద నంబరుతో సరిపోలాలి. బిల్లు లేదంటే బేరమే వద్దు.

తీరంవాసి:
చూసొచ్చాను. బిల్లు ఉంది, నంబరు సరిపోయింది. చైన్ 308. వెనుక రిమ్‌లో వెలుతురు గీత స్పష్టంగా కనబడింది, ముందు దాంట్లో సన్నగా. హెడ్‌సెట్ శబ్దం లేదు. గేర్లన్నీ పడుతున్నాయి. సీటును మోసే గొట్టం ఫ్రేములో ఇరుక్కోలేదు, పైకీ కిందకీ కదిలింది. స్టెమ్ 100, హుడ్స్ అందుకుంటే మోచేతులు బిగుసుకుపోతున్నాయి. అమ్మే ఆయన 32,000 దాకా దిగుతానంటున్నారు.

స్పోక్‌పానా:
నా లెక్క: చైన్, క్యాసెట్ 3,500. రిమ్ బ్రేక్ చక్రాల జత మామూలువి 9,000. కేబుళ్లు, టేపు 1,500. టైర్లు 3,500. స్టెమ్ 1,500. మొత్తం 19,000. 36,000లోంచి తీస్తే 17,000. 18 అడగండి, 20 దాటితే లేచి వచ్చేయండి. 32కి కొంటే 51 పడుతుంది, ఆ డబ్బుకు కొత్తదే మేలు.

ఉప్పుగాలి:
20కి వచ్చినా ఆలోచించమంటాను. 54 మీద మోచేతులు బిగుస్తున్నాయంటే స్టెమ్ 80 వేశాక కూడా చూసుకోవాలి. షాపులో పాత 80 స్టెమ్ ఉంటే అడిగి తెచ్చి, బిగించి, పది నిమిషాలు తొక్కండి. హ్యాండిల్ గొట్టం మధ్య వ్యాసం 31.8 మి.మీ. ఉందేమో ముందే కొలవండి.

ఇంచుటేపు:
స్టెమ్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఫోర్కు కూడా చూసేయండి. ముందు పై మూత బోల్టు తీసి, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చేసి, ఫోర్కును కిందికి లాగండి. స్టీరర్ గొట్టం (ఫోర్కు పైన స్టెమ్ బిగించే గొట్టం) కూడా కార్బనే అయితే స్టెమ్ బిగిసిన చోట టార్చి వేసి చుట్టూ చూడండి. గోటితో గీస్తే తగిలే అడ్డ గీత ఉంటే ఫోర్కు పనికిరాదు, బేరం అక్కడితో ఆపేయండి. గొట్టం అల్యూమినియందైనా వంపు, పగులు చూడాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు పై మూత ముందు, ఊగుడు పోయేదాకా మాత్రమే. ఆ తర్వాతే పక్క బోల్టులు, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా, స్టెమ్ మీద రాసి ఉన్న న్యూటన్ మీటర్లు దాటకుండా. కార్బన్ మీద సాధారణంగా అది 5.